హెడ్‌ఫోన్ వినికిడి పాఠాలు – 4: రెండింటినీ ఒకే గట్టిదనానికి తెచ్చి పోల్చడం

మొదటి మూడు పాఠాల్లో ఒకే హెడ్‌ఫోన్ పెట్టుకుని బాస్ ఎక్కడ మొదలవుతుందో, గొంతు ఎక్కడ నిలుస్తుందో, ట్రెబుల్ ఎక్కడ గుచ్చుకుంటుందో పట్టుకోవడం సాధన చేశారు. ఈ పాఠానికి రెండు హెడ్‌ఫోన్లు కావాలి. ఉదాహరణకు సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ తీసుకుంటున్నాం. రెండూ ఓపెన్ బ్యాక్ (కప్పు వెనక మూత లేని) రకమే, రెండూ ఖరీదైనవే, కానీ పోలిక అక్కడితో సరి. మొదటిది 56 మిల్లీమీటర్ల వలయాకారపు డయాఫ్రమ్ (కంపించే పొర) ఉన్న డైనమిక్ డ్రైవర్, అంటే తీగచుట్టతో ఆ పొరను కదిపి శబ్దం పుట్టించే భాగం: ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) 300 ఓమ్‌లు, బరువు 330 గ్రాములు. రెండోది 106 మిల్లీమీటర్ల పల్చటి పొరను అయస్కాంతాల దగ్గర బిగించిన ప్లేనార్ డ్రైవర్: 20 ఓమ్‌లు, 612 గ్రాములు. మీ దగ్గర వేరే జత ఉన్నా పద్ధతి మారదు, అంకెలు మార్చుకుంటే చాలు.

ముందు గట్టిదనం

ఆంప్ (హెడ్‌ఫోన్‌ను నడిపే ఆంప్లిఫయర్) వాల్యూమ్ ముట్టుకోకుండా 800 ఎస్ ప్లగ్ పీకి ఎల్‌సీడీ-ఎక్స్ ప్లగ్ పెడితే ఏమవుతుంది? చేసి చూడొద్దు, చెవికి మంచిది కాదు. కాగితం మీద లెక్క వేద్దాం.

800 ఎస్ సెన్సిటివిటీని (ఇంత విద్యుత్‌కు ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్కను) కంపెనీ 1 వోల్టుకు 102 డెసిబెల్స్‌గా ఇస్తుంది. ఎల్‌సీడీ-ఎక్స్‌కేమో 1 మిల్లీవాట్‌కు 103 డెసిబెల్స్ అని రాస్తారు. అంకెలు పక్కపక్కనే ఉన్నాయని రెండూ దాదాపు సమానమనుకుంటే బోల్తా పడ్డట్టే, ఎందుకంటే ఒకటి వోల్టు లెక్క, ఇంకొకటి మిల్లీవాట్ లెక్క. ఎల్‌సీడీ-ఎక్స్‌ను కూడా వోల్టులోకి మారుద్దాం. 20 ఓమ్‌ల మీద 1 వోల్టు అంటే 1 × 1 ÷ 20 = 0.05 వాట్లు, అంటే 50 మిల్లీవాట్లు. 50 రెట్లు అంటే 17 డెసిబెల్స్. 103కి 17 కలిపితే 120. అంటే ఒకే వోల్టు దగ్గర ఎల్‌సీడీ-ఎక్స్ 18 డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా మోగుతుంది.

ఇంత తేడా ఎవరికైనా తెలిసిపోతుంది, వెంటనే వాల్యూమ్ తగ్గిస్తారు. అసలు మోసం ఆ తర్వాతే. చేత్తో, చెవి అంచనాతో తగ్గించినప్పుడు ఒకటి రెండు డెసిబెల్స్ తేడా మిగిలిపోతుంది. అంత చిన్న తేడా ‘గట్టిగా ఉంది’ అనిపించదు. ‘స్పష్టంగా ఉంది’, ‘బాస్ నిండుగా ఉంది’, ‘వేదిక వెడల్పుగా ఉంది’ (వాద్యాలు విశాలంగా పరుచుకున్నాయి) అనిపిస్తుంది. దీని కారణాల్లో ఒకటి 1933 నుంచీ తెలిసిందే. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు చెవి బాస్‌ను తక్కువగా పట్టుకుంటుందని, గట్టిదనం పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. అంచేత గట్టిదనం సరిచూసుకోకుండా రాసిన పోలికను మేం పోలిక కింద లెక్కవేయం.

అట్టముక్కతో కొలత

కావలసినవి: 15 సెంటీమీటర్ల చదరపు గట్టి అట్ట ఒకటి, కొలత మైక్ ఒకటి (దొరక్కపోతే ఫోన్ మైక్), పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద కొంచెం, పింక్ నాయిస్ (అన్ని స్థాయిల శబ్దాలూ కలిసిన, వాన హోరులాంటి పరీక్ష శబ్దం) పుట్టించే సాఫ్ట్‌వేర్. రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది, అది సరిపోతుంది.

అట్ట మధ్యలో మైక్ మూతి బిగువుగా పట్టేంత రంధ్రం చేయండి. కొరియర్ డబ్బాల అట్ట పనికిరాదు. దాని మడతల మధ్య గాలి దారులుంటాయి, బాస్ అక్కడి నుంచి జారిపోతుంది. పాత నోటుపుస్తకాల గట్టి అట్టలు రెండు అంటిస్తే బాగా నిలుస్తుంది. మైక్‌ను వెనక నుంచి గుచ్చి, మూతి అట్ట ముఖానికి సరిసమానంగా ఉండేలా ఆపి, చుట్టూ మైనం నొక్కండి. ఇప్పుడు హెడ్‌ఫోన్ కప్పును అట్ట మీద బోర్లించండి. ప్యాడ్ అంచు చుట్టూ అట్టకు ఆనిందో లేదో ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. వెలుతురు దూరే సందు కనిపిస్తే గాలీ దూరుతుంది. హెడ్‌బ్యాండ్ పక్కకు లాగేస్తుంటే కింద ఒక చిన్న పుస్తకం ఆసరా పెట్టండి. కప్పు మీద మాత్రం బరువు పెట్టొద్దు, ప్యాడ్ నలిగితే డ్రైవర్ దగ్గరకొచ్చి కొలత మారిపోతుంది.

పింక్ నాయిస్‌ను 500 నుంచి 2,000 హెర్ట్జ్ వరకే కత్తిరించండి. పూర్తి పరిధి వాడితే ఒకదాని బాస్, ఇంకొకదాని ట్రెబుల్ మీటరును లాగేస్తాయి. ఒక్క 1,000 హెర్ట్జ్ టోన్ వాడితే అక్కడే చిన్న గుంట ఉన్న హెడ్‌ఫోన్‌కు అన్యాయం జరుగుతుంది. మధ్య పరిధి నాయిస్ ఈ రెండు చిక్కులకూ మధ్యేమార్గం.

ముందు 800 ఎస్ పెట్టి మీటరు 75 డెసిబెల్స్ చూపేదాకా వాల్యూమ్ పెంచండి. నాబ్ మీద మాస్కింగ్ టేప్ అంటించి పెన్నుతో గీత గీయండి. ఇక నాబ్ కదపొద్దు. ఎల్‌సీడీ-ఎక్స్ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ (విండోస్‌లో వినిపించే శబ్దాన్ని సవరించే సాఫ్ట్‌వేర్) తెరిచి ప్రీఆంప్ విలువను, అంటే మొత్తం గట్టిదనాన్ని పెంచే తగ్గించే అంకెను, మైనస్ 18 దగ్గర మొదలుపెట్టి, మళ్లీ 75 వచ్చేదాకా అరడెసిబెల్ చొప్పున జరపండి. ఇరవైనాలుగు బిట్ల డ్యాక్‌లో (డిజిటల్ శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరంలో) 18 డెసిబెల్స్ డిజిటల్‌గా తగ్గిస్తే పోయేది మూడు బిట్లే, భయం లేదు. ఒక్కో కప్పును మూడుసార్లు తీసి పెట్టి కొలిచి సగటు తీసుకోండి. మూడు రీడింగులూ అరడెసిబెల్ లోపు ఉంటే పని అయినట్టే. ఫోన్ మైక్ చూపే 75 నిజంగా 75 కాకపోవచ్చు. ఫరవాలేదు, రెండింటికీ అదే తప్పు వర్తిస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మ్యూజిక్ ప్లేయర్‌ను ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోనో ఏసియోలోనో (విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టే అమరికల్లో) పెట్టుకుంటారు. అప్పుడు శబ్దం ఈక్వలైజర్ ఏపీఓను దాటేసి నేరుగా డ్యాక్‌కు పోతుంది. మైనస్ 18 తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, చెవిలో మాత్రం బాంబు పేలుతుంది. పెట్టుకునే ముందు హెడ్‌ఫోన్‌ను చేత్తో పట్టుకుని ఒకసారి మోగించి చూడడం అలవాటు చేసుకోండి.

ఆంప్ కలిపే మసాలా

ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్ తనవైపు నుంచి కలిపే అడ్డు) 2 ఓమ్‌ల లోపు ఉంటే ఈ భాగం వదిలేయొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్ వాడేవాళ్లు మాత్రం చదవాలి. అలాంటి ఆంప్‌కు 120 ఓమ్‌లు ఉందనుకోండి. 800 ఎస్‌కు 300 ఓమ్‌లు అని రాసినా, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల దాని ఇంపిడెన్స్ 600 దాటుతుంది. 300 దగ్గర ఆంప్ వోల్టేజీలో 300 ÷ 420 వంతు అందుతుంది, అంటే 2.9 డెసిబెల్స్ తగ్గుతుంది. 600 దగ్గర 600 ÷ 720 వంతు, తగ్గేది 1.6 డెసిబెల్సే. ఫలితంగా బాస్ దగ్గర 1.3 డెసిబెల్స్ ఉబ్బు వస్తుంది. ట్యూబ్ ‘వెచ్చదనం’ అని మెచ్చుకునే దానిలో కొంత భాగం ఈ భాగహారమే. ప్లేనార్ ఇంపిడెన్స్ గీత దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి ఎల్‌సీడీ-ఎక్స్‌కు ఈ ఉబ్బు రాదు, గట్టిదనం మాత్రం బాగా పడిపోతుంది. అందుకే ఈ రెండింటినీ అలాంటి ఆంప్ మీద పోల్చకండి.

ఏం వినాలి, ఎలా రాసుకోవాలి

శబ్దపు సూక్ష్మాలు బుర్రలో కొన్ని సెకన్లకు మించి నిలవవు. పూర్తి పాట ఒకదానిలో విని, మళ్లీ పూర్తి పాట ఇంకొకదానిలో వింటే మిగిలేది అభిప్రాయం మాత్రమే. 15–20 సెకన్ల ముక్క తీసుకుని, ఒకదానిలో రెండుసార్లు విని, రాసుకుని, తర్వాతే మార్చండి. వరస కూడా ముఖ్యం. మొదటిదాని రంగుకు చెవి అలవాటు పడి, రెండోది వింతగా తోస్తుంది. అందుకే ఎ-బి-బి-ఎ వరసలో వినండి. మర్నాడు బి-ఎ-ఎ-బి.

పుస్తకంలో ‘బాగుంది’, ‘మజా వచ్చింది’ అని రాయొద్దు. ముందే ప్రశ్నలు రాసుకుని జవాబులు నింపండి. కచేరీ రికార్డింగు ఒకటి చేతిలో ఉంటే సగం పని జరుగుతుంది. మృదంగం ఎడమ వైపు గుమ్కీ పడ్డప్పుడు ఆ మోత జారుతూ సాగడం వినిపించిందా, లేక ‘ధుబ్’ అని ఒక్క ముద్దగా ఆగిపోయిందా? తంబూరాలో ప్రతి తీగ మీటు విడిగా తెలిసిందా? గాయని ‘శ్రీ’ అన్నప్పుడు ‘శ’ చెవిని గీకిందా? చివర చప్పట్లు మనుషుల చేతుల్లా ఉన్నాయా, పెనం మీద నీళ్లు చల్లినట్టు ‘సుయ్’ మన్నాయా? ఈ నాలుగు ప్రశ్నలు కింది నుంచి పై దాకా చాలా దూరం తడిమి చూస్తాయి. 30 హెర్ట్జ్ దగ్గర ఏముందో మృదంగం చెప్పదు. దానికి సింథ్ బాస్ ఉన్న సినిమా పాటో, టోన్ జనరేటరో వాడండి.

ఈ జతలో వినిపించాల్సింది ఇది: ప్యాడ్ సీల్ బిగువుగా ఉంటే ఎల్‌సీడీ-ఎక్స్ బాస్ 30 హెర్ట్జ్ కిందికీ చదునుగా దిగుతుంది, 800 ఎస్‌ది ఈలోపే పల్చబడుతుంది. గొంతు పైపొర ఉండే 2,000–4,000 హెర్ట్జ్ దగ్గర ఎల్‌సీడీ-ఎక్స్ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. గాయని రెండో వరసలోకి జరిగినట్టుంటుంది. ‘శ’ గీకుడు పాత హెచ్‌డీ 800 జబ్బు. 6,000 హెర్ట్జ్ దగ్గర దానికో శిఖరం ఉండేది. 800 ఎస్‌లో డ్రైవర్ మధ్యన శబ్దాన్ని పీల్చుకునే ఏర్పాటు పెట్టి దాన్ని అణిచారు. వేదిక వెడల్పులో మాత్రం 800 ఎస్‌దే పైచేయి. డ్రైవర్ చెవికి దూరంగా, ముందు నుంచి ఏటవాలుగా ఉండడం దానికి పెద్ద కారణం. మీకు దీనికి పూర్తిగా విరుద్ధంగా వినిపిస్తే ముందు ప్యాడ్లు ఎడమ కుడి తారుమారయ్యాయేమో చూడండి. ఎల్‌సీడీ ప్యాడ్ మందం ఒకవైపు ఎక్కువ, ఆ మందపు అంచు చెవి వెనక్కి రావాలి.

కప్పు 5 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగినా ట్రెబుల్ కొన్ని డెసిబెల్స్ మారుతుంది. కాబట్టి ప్రతి ప్రశ్నకు తీసి, మళ్లీ పెట్టుకుని జవాబు రాయండి. మూడుసార్లలో రెండుసార్లు నిలబడని తేడాను కొట్టేయండి.

కళ్లకు గంతలు కట్టి పోల్చడం ఇక్కడ కుదరదు. 612 గ్రాములు నెత్తిన పడగానే ఏది ఏదో తెలిసిపోతుంది. ఆడియో కంపెనీ హర్మన్‌లో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ బృందం ఈ చిక్కు తప్పించుకోవడానికి ఒకే హెడ్‌ఫోన్‌లో ఈక్వలైజర్‌తో వేర్వేరు హెడ్‌ఫోన్ల స్వభావాలను అనుకరించి శ్రోతలకు వినిపించింది. ఇంట్లో మనకు దిక్కు ముందే రాసుకున్న ప్రశ్నలే.

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఓపెన్ బ్యాక్‌కు గోడ లేదు. ఫ్యాన్ గాలి మోత నేరుగా లోపలికొచ్చి, రికార్డింగులో హాలు ప్రతిధ్వని తోకలను మింగేస్తుంది. మే నెల విజయవాడలో ఫ్యాన్ ఆపమంటే తిడతారని తెలుసు. ఏసీ వేసి గది చల్లబరిచి, పావుగంట పాఠానికి దాన్నీ ఆపండి. తెల్లవారుజాము ఇంకా మేలు.

సుఖం కూడా కొలవొచ్చు

బరువు వంటింటి కాటా మీద తూచండి, కేబుల్ లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి. తర్వాత బిగింపు. తలకు రెండు పక్కలా, చెవులకు కొంచెం పైన, అట్ట పుస్తకాలు నిలువుగా ఆనించి వాటి మధ్య దూరం ఎవరితోనైనా కొలిపించండి. 15 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒక కప్పును గుడ్డ పట్టీతో బల్ల కాలికి కట్టి, రెండో కప్పుకు బ్యాగులు తూచే కొక్కెం కాటా తగిలించి, ప్యాడ్ల మధ్య 15 సెంటీమీటర్లు వచ్చేదాకా లాగి రీడింగు చూడండి. 100 గ్రాములు అంటే దాదాపు 1 న్యూటన్. బిగింపు తక్కువైతే హాయి అనుకోవద్దు. బరువైన హెడ్‌ఫోన్‌కు బిగింపు చాలకపోతే మొత్తం భారం నడినెత్తి మీదే పడుతుంది, తల వంచగానే ముందుకు జారుతుంది.

ఇక గడియారం. 10 నిమిషాలప్పుడు చెవి అంచు లోపల గుడ్డకు తగులుతోందా, 45 నిమిషాలప్పుడు నడినెత్తి నొక్కుకుందా, రెండు గంటలప్పుడు మెడ వెనక లాగుతోందా అని రాయండి. నిటారుగా కూర్చుని ఒక రోజు, ఫోన్ చదువుతున్నట్టు తల వంచి ఒక రోజు. ఎల్‌సీడీ-ఎక్స్ మొదటి పరీక్షలో సునాయాసంగా గట్టెక్కి, రెండో దానిలో చతికిలబడే అవకాశం ఎక్కువ. హెడ్‌బ్యాండ్‌ను 2 సెంటీమీటర్లు ముందుకు జరిపి మళ్లీ చూడండి, ఒక్కోసారి అదే మందు.

కళ్లద్దాల వాళ్లు 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, అద్దాలతో ఒకసారి, తీసి ఒకసారి వినాలి. తీయగానే టోన్ గట్టిపడితే కాడ దగ్గర గాలి కారుతోందన్నమాట. ఎల్‌సీడీ-ఎక్స్ గొప్పదనమంతా ఆ సీల్ మీదే నిలబడింది. సన్న లోహపు కాడల ఫ్రేమ్ పెట్టుకుంటే పోయిన బాస్‌లో చాలా భాగం తిరిగొస్తుంది.

తలకు కొబ్బరినూనె రాసుకున్న రోజు పరీక్ష పెట్టుకోవద్దు. 800 ఎస్ మైక్రోఫైబర్ ప్యాడ్ నూనె పీల్చి గట్టిపడుతుంది, అది మళ్లీ మామూలుగా కాదు. లెదర్ ప్యాడ్ చెమటకు చర్మానికి అంటుకుంటుంది. ప్రతిసారీ తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఎండలో కాదు, నీడలో.

ఇంటి పని: వారంలో నాలుగు రోజులు, రోజుకు మూడు ముక్కలు, నాలుగు ప్రశ్నలు. ప్రతి రోజు పేజీ పైన మూడు కొలతలు వేయండి: అట్ట మీద డెసిబెల్స్, ప్రీఆంప్ విలువ, కొక్కెం కాటా గ్రాములు. మూడో రోజు అట్ట కొలత మొదటి రోజు కన్నా ఒక డెసిబెల్ తప్పితే ఆ రోజు రాసింది పక్కన పెట్టి, మైనం మళ్లీ నొక్కి, మొదటి నుంచి కొలవండి. అయిదో పాఠంలో ఈ పేజీలు ముందు పెట్టుకుని 2,000–4,000 హెర్ట్జ్ గుంటను ఈక్వలైజర్‌తో పూడుస్తాం.