పవర్ ట్రిమ్ పైకి లేవడం లేదా? దించే రిలే చూడండి

బటన్ నొక్కితే చిన్న మోటారు, ఆయిల్ పంపుతో బోటు వెనక ఇంజన్‌ను పైకి లేపి, దించే ఏర్పాటే పవర్ ట్రిమ్. ఒడిశాలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి ఒడ్డున బోట్లకు ఎక్కువగా చిన్న ఇంజన్లే ఉంటాయి. చేత్తో ఎత్తేస్తారు కాబట్టి వాళ్లకు ఈ గొడవ లేదు. సెకండ్‌హ్యాండ్‌లో 40 హార్స్‌పవర్, ఆ పై ఇంజన్లు కొన్నవాళ్లకే పవర్ ట్రిమ్‌తో తంటా. రంభ దగ్గర చిల్కా సరస్సులో నీళ్ల లోతు తగ్గే చోట ఇంజన్ పైకి లేవకపోతే ఫ్యాన్ (ప్రొపెల్లర్) బురదలో దిగబడుతుంది. ఇక టెన్షన్‌లో కనిపించిన ప్రతి వైరూ పీకేస్తారు.

బటన్ నొక్కితే ఏ చప్పుడూ లేదు

బ్యాటరీ, ఫ్యూజు. అంతకుమించి ఆలోచించే ముందు ఈ రెండూ చూడండి. ఊరికే మీటర్ పెట్టి 12.6 ఓల్టులు వచ్చింది, బ్యాటరీ బాగుందంటే కుదరదు. ఇంకొకరిని బటన్ నొక్కి పట్టుకోమని అప్పుడు చూడాలి. పదిన్నర కంటే కిందికి పడిపోతే బ్యాటరీ పోయినట్టు, లేదా దాని టెర్మినల్ వదులైనట్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ఒడ్డున పెట్టేసిన బోట్లలో నూటికి తొంభై ఇదే. టెర్మినల్ తీసి, చిలుము గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. ఇది చేయకుండా నాకు ఫోన్ చేయొద్దు.

మోటారు గిర్రున తిరుగుతోంది, ఇంజన్ లేవడం లేదు

ఇది కరెంటు సమస్య కాదు. బ్రాకెట్ పక్కన రంధ్రంలో స్క్రూడ్రైవర్ పట్టే వాల్వు ఉంటుంది, చేత్తో ఎత్తాల్సి వస్తే వదులు చేసేది. ఎవరో వదులు చేసి మళ్లీ బిగించడం మరిచిపోయుంటారు. అది బిగిసే ఉంటే ట్రిమ్ పంపులోని ఆయిల్ చూడండి. ఇంజన్ పూర్తిగా పైకి లేపి, లాక్ వేశాకే మూత విప్పాలి. దించి ఉండగా విప్పితే ఆయిల్ చిమ్ముతుంది, లెవెల్ కూడా సరిగ్గా తెలియదు. ఆయిల్ పోశాక నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే గాలి పోతుంది. లేపిన ఇంజన్ కింద చెయ్యి, తల పెట్టకండి.

టక్కుమంటోంది, పైకి మాత్రం లేవదు. కిందికి బాగానే దిగుతుంది

అసలు తంటా ఇక్కడే. బటన్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్ డబ్బీనే రిలే. ‘అన్నా, రిలే టక్కుమంటోంది కదా, అంటే రిలే బాగున్నట్టే కదా?’ అని అడుగుతారు. టక్కుమన్నదంటే రిలే లోపల కాయిల్ పని చేసిందని మాత్రమే. కరెంటు వెళ్లిందనీ కాదు, తిరిగి వచ్చిందనీ కాదు.

ట్రిమ్ మోటారుకు సాధారణంగా రెండు లావు వైర్లుంటాయి, నీలం ఒకటి, ఆకుపచ్చ ఒకటి. రెండింటికీ చెరో రిలే, నీలానికి ఎత్తేది, ఆకుపచ్చకు దించేది. బటన్ నొక్కనప్పుడు రెండు వైర్లూ రిలేల గుండా నెగటివ్‌కే కలిసి ఉంటాయి. పైకి బటన్ నొక్కితే ఎత్తే రిలే నీలం వైరును ప్లస్‌కు కలుపుతుంది. ఆకుపచ్చ వైరు మాత్రం కదలకుండా ఉన్న దించే రిలే గుండానే నెగటివ్‌కు చేరాలి. అంటే ఇంజన్ పైకి లేవాలంటే దించే రిలే కూడా బాగుండాలి. దాని లోపలి కాంటాక్టు నల్లబడితే ఎత్తే రిలే ఎంత కొత్తదైనా లాభం లేదు.

రిలే మీద 40/30 అని రాసి ఉండటం చూశారా? ప్లస్‌ను కలిపే కాంటాక్టు 40 ఆంపియర్లు మోస్తుంది, ఊరికే ఉన్నప్పుడు నెగటివ్‌కు కలిపి ఉంచేది 30 మాత్రమే. తిరిగి వచ్చే కరెంటంతా ఆ బలహీనమైన దాని మీదే. ఉప్పు గాలికి ముందు పోయేదీ అదే. మూత ఊడదీస్తే మెరవాల్సిన చుక్క మసిబారి, మధ్యలో చిన్న గుంట పడి కనిపిస్తుంది.

రెండు రిలేలూ ఒకదాని చోట ఒకటి పెట్టి చూస్తారు. ఇప్పుడు పైకి లేస్తుంది, కిందికి దిగదు. దాంతో మొదట ఎత్తే చోట ఉన్నది పోయిందని తేల్చి, బాగున్న రిలేను పారేసి, పాడైన దాన్ని ఉంచుకుంటారు. లోపం ఏ రిలేలో ఉన్నా ఇలా మార్చితే అలాగే చోటు మారుతుంది, కాబట్టి దీంతో ఏమీ తేలదు. మీటర్‌లో బీప్ వచ్చిందని మురిసిపోవడమూ దండగే. బీప్‌కు పిసరంత కరెంటు చాలు, మోటారుకు చాలదు.

ఇలా తేల్చుకోండి. మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి పైకి బటన్ నొక్కి పట్టండి. ఎర్ర ప్రోబ్ ముందు నీలం వైరుకు. ఇంచుమించు బ్యాటరీ ఓల్టేజీ రాకపోతే తప్పు ఎత్తే రిలేదో, దానికొచ్చే ప్లస్‌దో. వస్తే ఎర్ర ప్రోబ్ ఆకుపచ్చ వైరుకు మార్చండి. అక్కడ అర ఓల్టు లోపే ఉండాలి. తొమ్మిది, పది, అంతకు పైన చూపిస్తోందా? మోటారు జోలికి పోకండి, కరెంటు దాన్ని దాటి వచ్చి దారి లేక ఆగింది. దించే రిలే మార్చండి. కిందికి కూడా పోకపోతే రెండు రిలేలకూ ఉమ్మడిగా ఉన్న నెగటివ్ వైరు, ఇంజన్ బాడీకి బిగించిన బోల్టు దగ్గర తెగిందో తుప్పు పట్టిందో. ఎమరీ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్ది బిగించండి.

కొత్త రిలే కొనేటప్పుడు

కంపెనీ రిలే దొరకకపోతే బరంపురంలో లారీ, కారు సామాన్ల షాపుల్లో దొరికే 12 ఓల్టుల రిలే సరిపోతుంది. ఐదు కాళ్లుండాలి. నాలుగు కాళ్ల హారన్ రిలేకు నెగటివ్ దారే ఉండదు. ఐదున్నా చాలదు, మధ్య కాలు పక్కన 87ఎ (87a) అని ఉందో లేదో చదవండి. కొన్నింటికి మధ్య కాలు పక్కన కూడా 87 అనే ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఒకేలా. ఆ రకం పెట్టి బటన్ నొక్కితే ప్లస్, నెగటివ్ నేరుగా కలిసి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు లేకుండా కలిపినవాళ్లకు వైరు కాలిన వాసన కూడా వస్తుంది. మోటారు వైరు 30కి, ఫ్యూజు నుంచి వచ్చే ప్లస్ 87కి, నెగటివ్ 87ఎకి, స్విచ్ వైరు 86కి, 85 నెగటివ్‌కి. రెండోదీ అంతే.

ఇంటి వైరింగ్ వైరు వాడకండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు లోపల ఉప్పునీళ్లు నిలుస్తాయి. తగరం పూత ఉన్న వైరు, నొక్కి బిగించే లగ్గు, మీద వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వాడండి.

మిగతావి అరుదు. మోటారు బ్రష్షులు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగితే నీలం, ఆకుపచ్చ వైర్లు విప్పి నేరుగా బ్యాటరీకి కలిపినా తిరగదు, అప్పుడే విప్పండి. దానంతట అదే పైకి పోతూ ఆగకపోతే బ్యాటరీ వైరు పీకేయండి, రిలే అతుక్కుపోయింది లేదా హ్యాండిల్ స్విచ్‌లోకి నీళ్లెళ్లాయి. లేపిన ఇంజన్ రాత్రికి మెల్లగా దిగిపోతుంటే వాల్వు రబ్బరు వాషరో, సిలిండర్ సీళ్లో. బాగా పాత ఇంజన్లలో మోటారుకు మూడు వైర్లుంటాయి, నల్లది నేరుగా నెగటివ్. వాటికి పైన చెప్పిన రిలే లెక్క వర్తించదు.