సిస్కో రౌటర్‌లో ఇంటర్‌ఫేస్‌కి ఐపీ పెట్టడం, లింక్ రాకపోతే వెతకడం

ఒక చిన్న ఆఫీసు, రెండు గిగాబిట్ పోర్టులున్న సిస్కో రౌటర్. 0/0 ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) వైపు, 0/1 లోపలి స్విచ్ వైపు. ఐఎస్‌పీ ఇచ్చిన స్టాటిక్ ఐపీ 203.0.113.2, గేట్‌వే (బయటికి వెళ్లే దారిలో అవతలి రౌటర్) 203.0.113.1, మాస్క్ (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే సంఖ్య) 255.255.255.252 అనుకుందాం. ఇవి ఉదాహరణల కోసమే విడిగా ఉంచిన అడ్రస్‌లు, మీకు ఇచ్చినవి మీరు వేసుకోండి. లోపలి నెట్‌వర్క్ 192.168.10.0.

కన్సోల్ కేబుల్ తగిలించి టెర్మినల్ స్పీడ్ 9600 పెట్టండి. తెర మీద పిచ్చి అక్షరాలు పడితే స్పీడ్ కుదరలేదన్నమాట. ఎనేబుల్, తర్వాత కాన్ఫిగర్ టెర్మినల్ కొట్టి ఈ వరసలో వెళ్లండి (టైపు చేసేది ఇంగ్లీషులోనే):

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1
డిస్క్రిప్షన్ ఆఫీస్-ల్యాన్
ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0
నో షట్‌డౌన్

ఎక్కువమంది మర్చిపోయేది చివరి లైనే. స్విచ్ పోర్టులు తెరిచే వస్తాయి, రౌటర్ పోర్టులు మూసి వస్తాయి. 0/0కి కూడా ఇలాగే 203.0.113.2, దాని మాస్క్ ఇచ్చి, ‘ఎగ్జిట్’ కొట్టి గ్లోబల్ మోడ్‌లోకి వచ్చి ఇంటర్నెట్‌కి దారి చూపించండి:

ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 203.0.113.1

మాస్క్ దగ్గర కాస్త ఆగాలి. 252 మాస్క్‌లో నాలుగే అడ్రస్‌లు: .0 నెట్‌వర్క్‌ది, .3 బ్రాడ్‌కాస్ట్‌ది, వాడుకోవడానికి మిగిలేవి .1, .2. పొరపాటున .3 ఇస్తే రౌటర్ ‘బ్యాడ్ మాస్క్’ అని వెంటనే తిప్పికొడుతుంది, అది మేలే. ఇబ్బందంతా రౌటర్ ఒప్పుకునే తప్పుతో. చేతి అలవాటుగా 255.255.255.0 కొట్టారనుకోండి. గేట్‌వేకి పింగ్ వెళ్తుంది, ఇంటర్నెట్టూ వస్తుంది. కానీ 203.0.113తో మొదలయ్యే వేరే కస్టమర్ల అడ్రస్‌లన్నీ తన పక్కనే ఉన్నాయనుకుని రౌటర్ గేట్‌వేకి పంపకుండా నేరుగా ఏఆర్‌పీ (ఈ ఐపీ ఏ పరికరానిదని లింక్ మీద వేసే ప్రశ్న) అడుగుతుంది. సాధారణంగా జవాబు రాదు. అన్ని సైట్లూ తెరుచుకుని, అదే ఐఎస్‌పీ దగ్గరున్న మీ ఇంకో బ్రాంచి మాత్రమే అందకపోతే ముందు మాస్కే చూడండి. రెండు పోర్టులకి ఒకే నెట్‌వర్క్ ఇస్తే మాత్రం ‘ఓవర్‌ల్యాప్స్’ అని ఆపేస్తుంది.

ఇప్పుడు ‘ఎండ్’తో కాన్ఫిగ్ మోడ్ నుంచి బయటికొచ్చి, ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ కొట్టి చివరి రెండు గళ్లు చదవండి. ‘అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్’ ఉంటే నో షట్‌డౌన్ మిగిలిపోయింది. ‘డౌన్, డౌన్’ అంటే కేబులో, అవతలి పోర్టో. ‘అప్, అప్’ ఉండీ పింగ్ రాకపోతే అడ్రసు, మాస్కు, స్విచ్‌లో వీల్యాన్ (స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా విడదీసే అమరిక) చూడాలి.

మొదటిసారి పింగ్ కొట్టినప్పుడు ఒక చుక్క, నాలుగు ఆశ్చర్యార్థకాలు వచ్చి 80 శాతం అంటే కంగారు పడకండి. ఏఆర్‌పీ జవాబు వచ్చేలోపు మొదటి ప్యాకెట్ పోయింది, అంతే. మళ్లీ కొడితే ఐదూ వస్తాయి.

లింక్ ఉంది, పింగ్ బాగుంది, ఫైల్ కాపీ మాత్రం నత్తనడక. ఒకవైపు స్పీడ్ 100, ఫుల్ డూప్లెక్స్ అని బిగించి, రెండోవైపు ఆటోలో వదిలేస్తే ఇలాగే అవుతుంది: ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారికి పంపడమో, అందుకోవడమో ఒక్కటే) పడిపోతుంది. ‘షో ఇంటర్‌ఫేసెస్’లో హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడై వచ్చిన ఫ్రేములు) పెరుగుతుంటే అదే జబ్బు. రెండువైపులా ఆటో పెట్టండి.

రౌటర్ నుంచి ఇంటర్నెట్ వస్తుంది, కంప్యూటర్లకి రాదు అంటే న్యాట్ (లోపలి ఐపీలని బయటి ఐపీగా మార్చడం) లేదు. 0/1లో ‘ఐపీ న్యాట్ ఇన్‌సైడ్’, 0/0లో ‘ఐపీ న్యాట్ అవుట్‌సైడ్’ వేసి, లోపలి నెట్‌వర్క్‌కి యాక్సెస్ లిస్ట్ రాసి ఓవర్‌లోడ్‌తో (అందరూ ఒకే బయటి ఐపీని పంచుకోవడం) కలపాలి.

దూరం నుంచి లాగినై ఐపీ మార్చేవాళ్లకి ఒక జాగ్రత్త. కొత్త ‘ఐపీ అడ్రస్’ లైను పాతదాన్ని మారు మాట లేకుండా తుడిచేస్తుంది, మీ సెషనూ దాంతోపాటే పోతుంది. అందుకే ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి, సేవ్ చేయాలా అని అడిగితే నో చెప్పండి. తలుపు మూసుకుపోయినా పది నిమిషాల తర్వాత రౌటర్ రీబూటై, సేవ్ చేసి ఉన్న పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. కొత్త ఐపీతో లాగిన్ కుదిరితే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, వెంటనే ‘రైట్ మెమరీ’ కొట్టండి. లేదంటే కరెంటు పోయి వచ్చేసరికి చేసిందంతా మళ్లీ మొదటికొస్తుంది.