కడప బండల మీద డాన్స్, పిల్లల మడమ నొప్పి: నేను చేసింది

మాది కడప, మేడ మీద హాల్లో పిల్లలకి కూచిపూడి నేర్పిస్తా, ఫీజు ఇవ్వగలిగినోళ్లు ఇస్తారు, లేనోళ్లని ఎప్పుడూ అడగలేదు. ఎండాకాలం సెలవుల్లో ఒకేసారి చానామంది చేరినారు, రెండో వారానికే సగం మంది మానేసినారు. ఎందుకో అర్థం కాలే.

వెనక వరసలో ఒక పాప ప్రతి అడుక్కీ మడమ పైకెత్తి వేళ్ల మీదే దిగుతాంటే శ్రద్ధ లేదనుకోని రెండుసార్లు గదమాయించినా కూడా. దగ్గర కూచోని అడిగితే "కాళ్లు నొప్పి పుడతాండాయక్కా" అనింది, చూస్తే మడమలు ఎర్రగా కందిపోయినాయి. నాకు చానా బాధేసింది.

తప్పు పాపది కాదు, నేలది. మన కడప బండలు నేరుగా కాంక్రీట్ మీద పరిచినాం, అది కొంచెం కూడా లొంగదు, పాదం మొత్తం ఆనించి కొట్టే అడుగులకి ఆ దెబ్బంతా మడమ, మోకాలు మీదికే వస్తాది.

పాత యోగా మ్యాట్లు పరిచి పైన 12 ఎంఎం ప్లైవుడ్ షీట్లు, 8 బై 4 సైజువి నాలుగు, అతుకుల మీద గట్టి టేప్ వేసినా. ఉత్త మ్యాట్ మీద ఆడిస్తే కాలు జారుతాది, మెలిక పడుతుంది, ప్లైవుడ్ తప్పనిసరి.

ఇంకోటి, మొదటి పది నిమిషాలు కాళ్లు కదపనీను, కూచోని ఆదితాళం 8 లెక్కలు చేత్తో వేస్తా నోటితో తకధిమి చెప్పాల, ఆ తర్వాతే మొదటి కాలంలో, అంటే నిదానం వేగంలో, అడుగులు. బాగా వేగంగా ఆడే మూడో కాలానికి తొందరేమీ లేదు.

ఆ పాప ఇప్పుడు ముందు వరసలో నిలబడతాంది.