ఇథియోపియా ఆర్థడాక్స్ ఆరాధనకు వెళ్లే ముందు

టైమ్ రెండుసార్లు అడగండి. అక్కడ గంటల లెక్క తెల్లవారుజాముతో మొదలవుతుంది: మన ఉదయం 7 వాళ్లకు 1. "12కి రండి" అంటే పొద్దున 6 కావచ్చు.

తెల్ల బట్టలు మేలు. ఆడవాళ్లు నెటెలా అనే పల్చని నూలు వస్త్రాన్ని తలమీదుగా కప్పుకుంటారు. తెల్ల చున్నీ అయినా సరిపోతుంది.

చెప్పులు గుమ్మం బయటే. ఆడా మగా వేర్వేరు వైపుల నిలబడతారు. మన పల్లె చర్చిల్లో పెరిగినవాళ్లకు ఈ రెండూ కొత్త కాదు. లాలిబెలా ఊళ్లోని, రాతిని తొలిచి చేసిన చర్చిల్లో నేల ఎగుడుదిగుడు, మందపాటి సాక్సులు వేసుకోండి.

రెండు మూడు గంటలు నిలబడాల్సి రావచ్చు. చాలామంది పొడవాటి చేతికర్రల మీద ఆనుకుంటారు. మోకాళ్ల నొప్పులుంటే వెనక గోడ పక్కన చోటు చూసుకోండి.

ప్రార్థనలు ఎక్కువగా ప్రాచీన గీజ్ భాషలో సాగుతాయి. అది ఇప్పుడు అక్కడ ఎవరి ఇంటి భాషా కాదు, కాబట్టి అర్థం కాలేదని కంగారొద్దు. పక్కవాళ్లు వంగినప్పుడు వంగండి.

అన్నిటికన్నా ముఖ్యం: ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) వరుసలోకి వెళ్లకండి. మీరు బాప్తిస్మం పొందినా సరే. అది ఆ సంఘంలో ఉండి, ఉపవాసంతో సిద్ధపడినవాళ్లకే. దీన్ని అవమానంగా తీసుకోకండి, వాళ్లు దాన్ని అంత పవిత్రంగా చూస్తారు.

తెర వెనక గర్భాలయంలోకి తొంగిచూడొద్దు. ఫోటోలకు ముందే అనుమతి అడగండి.