పైలోరై స్ట్రెయిన్‌లో ఏ మిథైలేజ్‌లు పనిచేస్తున్నాయో జెల్ మీద తేల్చడం

కడుపులో ఉండే బ్యాక్టీరియా హెలికోబాక్టర్ పైలోరై జీనోమ్ చదివినంత మాత్రాన దానిలో ఏ మిథైలేజ్ (డీఎన్ఏకు మిథైల్ తగిలించే ఎంజైమ్) పనిచేస్తోందో తెలియదు. 1997లో 26695, 1999లో జే99 స్ట్రెయిన్ల (ఉపరకాల) జీనోమ్‌లు వచ్చాయి. ఒక్కోదానిలో 20కి పైగా రెస్ట్రిక్షన్-మోడిఫికేషన్ వ్యవస్థలు (డీఎన్ఏను కోసే ఎంజైమ్, ఆ కోత నుంచి సొంత డీఎన్ఏను కాపాడే మిథైలేజ్) ఉన్నాయి, కానీ చాలా జీన్లు పనిచేయనివే. పనిచేసేవి కూడా స్ట్రెయిన్‌ను బట్టి మారతాయి. అందుకే డీఎన్ఏను కోసే ఎంజైమ్‌లతో కోసి చూడాలి: మిథైల్ ఉన్న చోట చాలా ఎంజైమ్‌లు కోయలేవు.

ఒకే కడుపులో రెండు స్ట్రెయిన్లు ఉండొచ్చు కాబట్టి ఒక్క కాలనీ నుంచే కల్చర్ మొదలుపెట్టండి. బ్లడ్ అగర్ మీద, 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో, 37 డిగ్రీల దగ్గర 48 గంటలు పెంచాలి. తీసిన డీఎన్ఏను కోయకముందే కొంచెం జెల్‌లో నడపండి. పైన ఒక్క బిగుతైన బ్యాండ్ కాకుండా కిందికి తోక సాగితే పారేయండి. తర్వాత అది ఎంజైమ్ కోతో, ముందే విరిగిందో చెప్పలేరు.

ట్యూబుకు 1 మైక్రోగ్రాము డీఎన్ఏ, 2 మైక్రోలీటర్ల 10 రెట్ల బఫర్, 10 యూనిట్ల ఎంజైమ్, మిగతాది నీళ్లు, మొత్తం 20 మైక్రోలీటర్లు. ఎంజైమ్ 2 మైక్రోలీటర్లు దాటకూడదు, దానిలోని గ్లిసరాల్ ఎక్కువైతే కొన్ని ఎంజైమ్‌లు తప్పు చోట కోస్తాయి. 37 డిగ్రీల్లో 2 గంటలు. టాక్-వన్‌కు మాత్రం 65.

మొదట ఎన్ఎల్ఏ-త్రీ. ఇది డీఎన్ఏలో సీఏటీజీ అనే అక్షరాల వరుస దగ్గర కోస్తుంది, దాదాపు అన్ని పైలోరై స్ట్రెయిన్లూ ఆ చోటును మిథైలేట్ చేసుకుంటాయి. కోసిందంటే అది పైలోరై డీఎన్ఏనేనా అని అనుమానించండి. కోయకపోతే ఎంజైమే చచ్చిందేమో చూడాలి: మైనస్ 80లో ఉంచకపోతే దాని పని తగ్గిపోతుంది.

అందుకే ప్రతి ఎంజైమ్‌కూ రెండో ట్యూబు పెట్టండి: అదే సాంపుల్, దానికి అర మైక్రోగ్రాము ల్యామ్డా (ఈ.కోలై బ్యాక్టీరియాలో పెరిగే వైరస్) డీఎన్ఏ. ల్యామ్డా ముక్కలై, పైలోరై బ్యాండ్ పైనే నిలిస్తే అది మిథైలేషన్. రెండూ నిలిస్తే ఎంజైమ్ చచ్చి ఉండాలి, లేదా డీఎన్ఏ తీసినప్పుడు మిగిలిన ఫినాలో ఉప్పో దాన్ని ఆపి ఉండాలి; రెండోదైతే డీఎన్ఏను ఎథనాల్‌తో మళ్లీ శుభ్రం చేయండి. ఈ ల్యామ్డా డామ్ (జీఏటీసీలోని అడెనిన్‌కు మిథైల్ తగిలించే ఈ.కోలై మిథైలేజ్) లేని ఈ.కోలైలో పెరిగినదై ఉండాలి. మామూలు ల్యామ్డాలో కొన్ని జీఏటీసీలు ముందే మిథైలేట్ అయి ఉంటాయి.

జీఏటీసీకి మూడు ఎంజైమ్‌లు కలిపి చదవాలి. అడెనిన్ మీద మిథైల్ ఉంటే ఎంబో-వన్ ఆగుతుంది, డీపీఎన్-వన్ కోస్తుంది, సౌ3ఏ-వన్ పట్టించుకోకుండా కోస్తుంది. డీపీఎన్-వన్ కంట్రోల్‌కు మాత్రం డామ్ ఉన్న ఈ.కోలై నుంచి తీసిన ప్లాస్మిడ్ (చిన్న వలయాకార డీఎన్ఏ) కావాలి, ఎందుకంటే ఇది మిథైల్ ఉన్న చోటే కోస్తుంది. జీఏఎన్‌టీసీకి హిన్ఫ్-వన్, టీసీజీఏకు టాక్-వన్, జీసీజీసీకి హెచ్‌హెచ్‌ఏ-వన్.

సగం బ్యాండ్, సగం స్మియర్ (కిందికి సాగిన మరక) వస్తే ఎంజైమ్ రెట్టింపు చేసి 4 గంటలు ఉంచండి. అప్పటికీ అలాగే ఉంటే కల్చర్ మిశ్రమం కావచ్చు: జీన్‌లో ఒకే అక్షరం వరుసగా ఉన్న చోట నకలు తీసేటప్పుడు జారి, మిథైలేజ్ కొన్ని కణాల్లో ఆగిపోతుంది. కొత్తగా ఐదారు కాలనీలు విడిగా తీసి చేయండి.

ఆ స్ట్రెయిన్‌లోకి ప్లాస్మిడ్ ఎక్కించాలంటే, దాని ఎంజైమ్‌లు కోసేయకుండా ముందు ఆ ప్లాస్మిడ్‌ను ఆ స్ట్రెయిన్ కణాల రసంలోనే, ఎస్-అడెనోసిల్ మిథియోనిన్, ఈడీటీఏ కలిపి 37 డిగ్రీల్లో ఉంచండి. ఎస్-అడెనోసిల్ మిథియోనిన్ మిథైల్ ఇస్తుంది, ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసి కోసే ఎంజైమ్‌లను ఆపుతుంది.