కరోనా తగ్గాక మళ్లీ జ్వరమొస్తే ఏం చెయ్యాలి

కరోనా తగ్గి 2 నుంచి 12 వారాల్లోపు పెద్దవాళ్లకి మళ్లీ జ్వరమొచ్చి, 100.4 దాటి ఒక రోజు పైన అలానే ఉంటే, డోలో వేసుకుని పడుకోవద్దు. ఎంఐఎస్-ఏ (మల్టీసిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ అడల్ట్స్, అంటే పెద్దవాళ్లలో ఒకేసారి చాలా అవయవాలకు వచ్చే వాపు జబ్బు) అని ఒకటుంది, వైరస్ పోయినా ఇమ్యూనిటీ ఊరుకోక మన సొంత గుండె, పేగులు, చర్మం మీదే పడుద్ది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020 అక్టోబర్‌లోనే పెద్దవాళ్ల కేసుల మీద రిపోర్ట్ ఇచ్చింది. అరుదే, కానీ గుండె విషయం కదా.

కళ్లు ఎర్రబడ్డాయా (పుసి లేకుండా), దద్దుర్లు, కడుపునొప్పి, విరేచనాలు ఉన్నాయా, బీపీ పడిపోతోందా చూస్కోండి. మన హైదరాబాద్‌లో చిక్కేంటంటే వానాకాలంలో ఇవి చూడగానే అందరూ డెంగీ అనో టైఫాయిడ్ అనో అంటారు, ప్లేట్‌లెట్లు కూడా డెంగీలోనూ ఎంఐఎస్-ఏలోనూ తగ్గొచ్చు, అందుకే ఆ టెస్టులూ చేయించండి గానీ డాక్టర్ అడక్కపోయినా ఫలానా నెలలో కరోనా వచ్చిందని మీరే చెప్పండి. ఆర్టీపీసీఆర్ అప్పటికి నెగెటివ్ రావొచ్చు, అది చూసి ధీమా పడొద్దు. సీఆర్‌పీ, ఫెరిటిన్ (ఒంట్లో వాపు తెలిపే రక్తపరీక్షలు), ట్రోపోనిన్ (గుండె దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష), ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) అవసరమా అని అడగండి.

ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మాట తికమక ఉంటే మాత్రం బస్తీ దవాఖానా కాదు, 108కి కొట్టి గాంధీయో నిమ్సో, ఐసీయూ, గుండె డాక్టర్లు ఉన్న చోటికి పోండి.

ట్రీట్‌మెంట్‌లో స్టెరాయిడ్లు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఇస్తారు, నిజమే, అలాగని మెడికల్ షాపులో అడిగి సొంతంగా స్టెరాయిడ్ మింగకండి, లోపల వేరే ఇన్ఫెక్షన్ ఉంటే ముదురుద్ది. డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ ఎకో ఎప్పుడో రాయించుకుని రండి, జిమ్ము కూడా డాక్టర్ ఓకే అన్నాకే.