కుందేళ్లు, గొర్రెలలో కొత్త దాణాను పరీక్షించే పద్ధతి

కొత్త దాణా మంచిదో కాదో తేల్చడానికి జంతువుకు ఎంత వేశామన్న లెక్క ఒక్కటే చాలదు. అందులో ఎంత తిన్నది, ఎంత వదిలేసింది, తిన్నదానిలో ఎంత పెంటగా బయటికి పోయింది అన్నవి కూడా తూచి రాసుకోవాలి. మేత ప్రయోగాలు చెడిపోయేది ఎక్కువగా ఈ తూకాల దగ్గరే.

పోల్చదలచిన దాణాల మధ్య ఒక్క విషయంలోనే తేడా ఉండాలి. సోయా చెక్కకు బదులు మరో చెక్కను పరీక్షించేటప్పుడు రెండు దాణాలలోనూ మాంసకృత్తులు, శక్తి సమానంగా లేకపోతే, వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేము. ఒకే ఈడు, దాదాపు ఒకే బరువు ఉన్న జంతువులను జట్లుగా చేసి, ఏ దాణా దేనికో చీటీలు వేసి నిర్ణయించాలి. ఒకే తొట్టిలో కలిసి తినే ఐదు గొర్రెలు దాణా లెక్కలో ఒక్క పరిశీలన కిందికే వస్తాయి. కుందేళ్ల కోసం రాగి ఎక్కువగా కలిపిన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. రాగి వాటి కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది.

కుందేళ్లకు కొత్త దాణాను కనీసం 7 రోజులు అలవాటు చేసి, తర్వాత 4 రోజులు పెంటికలు సేకరించడం ఐరోపా పరిశోధకులు స్థిరపరచిన పద్ధతి. గూడు కింద సన్నని వల కట్టి, మూత్రం తగలకుండా పెంటికలను పట్టుకుని, వాటికి అంటిన వెంట్రుకలను, రాలిన దాణా పొడిని ఏరివేయాలి. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తింటుంది. సూక్ష్మజీవులు తయారుచేసిన మాంసకృత్తులు, బి విటమిన్లు దానికి అలా అందుతాయి కాబట్టి, మెడకు పట్టీ కట్టి ఆ అలవాటును ఆపవలసిన పని లేదు. పీచు తక్కువైన దాణాతో పిల్లలు మొదట వేగంగా పెరిగినా తర్వాత విరేచనాలతో చనిపోవచ్చు. అందుకే బతికినవాటి సగటు బరువు పక్కనే చనిపోయినవాటి సంఖ్యనూ తప్పకుండా చూపాలి.

గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకోవడానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది. ఆ తర్వాతే 7 రోజుల సేకరణ మొదలుపెట్టాలి. పెంట, మూత్రం విడిగా పట్టడం సులువు కాబట్టి పొట్టేళ్లను ఎంచుకుంటారు. నత్రజని లెక్క కూడా కావాలంటే మూత్రపు పాత్రలో ముందే కొంత పలుచని గంధకామ్లం పోయాలి, లేకపోతే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది తొట్టిలో మిగిలినదాని మీద. గొర్రె ఆకులను ఏరుకుని తిని, ముదురు కాడలను వదిలేస్తుంది. కాబట్టి మిగిలినది వేసిన మేత లాంటిదేనని అనుకుంటే అది తిన్న మాంసకృత్తులను తక్కువగా లెక్కగట్టినట్లే. రోజూ ఒకే వేళకు మిగులును తూచి, నమూనా తీసి, విడిగా పరీక్షకు పంపాలి.

నీటి శాతం రోజురోజుకూ మారుతుంది కనుక లెక్కంతా ఎండు పదార్థం మీదనే చేయాలి. ఒక గొర్రెకు రోజుకు 1,300 గ్రాముల మేత వేశామనుకుందాం. 90 శాతం ఎండు పదార్థం ఉంటే అది 1,170 గ్రాములు. మిగులులో 90 గ్రాముల ఎండు పదార్థం ఉంటే తిన్నది 1,080 గ్రాములు. పెంట 945 గ్రాములు వచ్చి, అందులో 40 శాతం ఎండు పదార్థమైతే 378 గ్రాములు బయటికి పోయినట్లు. తేడా 702 గ్రాములు. దాన్ని 1,080తో భాగిస్తే జీర్ణమైనది 65 శాతం.

పెరుగుదలను కొలిచే ప్రయోగం దీనికి వేరుగా, మరింత ఎక్కువ కాలం నడపాలి. గొర్రె పొట్ట నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు బరువులో కిలోల తేడా కనిపిస్తుంది కాబట్టి, మొదట్లోనూ చివర్లోనూ వరుసగా రెండు రోజులు, ఉదయం మేత వేయకముందే తూచి సగటు తీసుకోవాలి. సేకరణ రోజుల్లో ఏదైనా జంతువు మేత మానేస్తే దానికి వెంటనే వైద్యం చేయించి, లెక్క నుంచి తప్పించి, తప్పించిన కారణాన్ని తేదీతో సహా నమోదు చేయాలి.